ఆపదమొక్కుల డబ్బా

మా ఇంట్లో వీధి తలుపు పక్కన ఒక మేకు ఉన్నది. ఆ మేకుకు పసుపుపచ్చని డబ్బా ఒకటి తాడుతో వేలాడుతూ ఉంటుంది. చూడబోతే సబ్బు బిళ్ళంత ఉంటుంది. బరువు నూటయాభై గ్రాములు మించదు. ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి, "ఇదేమిటి, టార్చిలైటా?" అని అడుగుతారు.

గుంటూరు నుంచి మా అమ్మ వచ్చినప్పుడు ఆవిడా అడిగింది. నేను వివరంగా చెప్పాను. ఆవిడ అంతా విని, "అయితే ఆపదమొక్కులవాడి లాంటిదన్నమాట. పిలిస్తే పలుకుతుంది. ఊరికే పిలవకూడదు," అన్నది. అప్పటినుంచీ మా ఇంట్లో దాని పేరు ఆపదమొక్కుల డబ్బా. కంపెనీవాళ్ళు పెట్టిన పేరు పర్సనల్ లొకేటర్ బీకన్. పిల్లలూ, దాన్ని కొనడంలో నేను చూపిన తెలివినీ, మోయడంలో చూపిన తెలివితక్కువనూ మీకు చెబుతాను.

మేముండేది న్యూజిలాండులో, క్రైస్ట్‌చర్చి నగరంలో. మ్యాపు తీసి చూడండి. ఆస్ట్రేలియాకు ఆగ్నేయంగా రెండు పెద్ద దీవులు కనిపిస్తాయి. వాటిలో దక్షిణపు దీవికి వెన్నెముకలాగా సదరన్ ఆల్ప్స్ అనే కొండలున్నాయి. అందులో అన్నిటికన్న ఎత్తైన శిఖరం 3,724 మీటర్లు. అక్కడి జనానికి, వీపున సంచీ తగిలించుకుని రోజుల తరబడి ఈ కొండల్లో నడవడం సరదా. దారిలో అక్కడక్కడా చెక్క గుడిసెలుంటాయి. ప్రతి గుడిసెలోనూ ఒక పుస్తకం ఉంటుంది. వచ్చినవాడు అందులో తన పేరూ, రేపు ఎటు పోబోయేదీ రాసి పోవాలి. ఎప్పుడైనా మనిషి తప్పిపోతే మొదట వెతికేది ఆ పుస్తకమే.

ఆ అడవుల్లో పులి లేదు, పాము లేదు. కాని వాగులున్నాయి. పొద్దున మోకాలి లోతున్న వాగు, పైన ఎక్కడో వాన పడితే మధ్యాహ్నానికి మనిషిని దొర్లించుకుపోతుంది. ఒకప్పుడు నీళ్ళలో మునిగి చావడాన్ని అక్కడ "న్యూజిలాండు చావు" అనేవారట. ఊరు దాటి ఏదో ఒక లోయలోకి మలుపు తిరిగితే చాలు, సెల్‌ఫోను మూగబోతుంది. అందుచేత కొండలకు పోయేవాళ్ళు బూట్లు కొన్నట్టే ఇటువంటి డబ్బా ఒకటి కొనుక్కుంటారు. కొనలేనివాళ్ళకు దుకాణాల్లో అద్దెకు దొరుకుతుంది.

మా అమ్మాయి పదో ఏట మొదటిసారి గుడిసెలో రాత్రి గడపాలని పట్టుపట్టినప్పుడు నేనూ దుకాణానికి పోయాను. అక్కడ ఒక ముసలాయన నా ముందు రెండు రకాల పరికరాలు పెట్టాడు.

"నా ఫోను చాలదా? కొత్తది," అన్నాను.

2022 చివరినుంచీ కొన్ని ఫోన్లు టవరు లేనిచోట ఉపగ్రహంతో సంబంధం పెట్టుకుని సహాయం కోరగలుగుతున్నాయి. ఆ సంగతి ముసలాయనకూ తెలుసు. "మంచిదే. కాని నువ్వు పొద్దున్నించీ దానితో ఫోటోలు తీస్తావు, దారి చూస్తావు. సాయంత్రానికి, ఆ చలిలో, బ్యాటరీ ఏమాత్రం మిగులుతుంది?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆయన చూపించిన రెంటిలో మొదటిది మెసేజిలు పంపేది. ఇరిడియం అనే ఉపగ్రహాల గుంపు ఒకటి భూమి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. వాటి ద్వారా మన మాట ఇంటికి చేరుతుంది, ఇంటిమాట మనకూ చేరుతుంది. "కాలు విరిగింది" అని చెప్పవచ్చు. "ఏమీ కాలేదు, వాగు తగ్గేదాకా ఇక్కడే ఉంటాం, గాభరాపడకండి" అని కూడా చెప్పవచ్చు. ఈ రెండో మాట చెప్పగలగడం చిన్న విషయం కాదు. అయితే దానికి చందా కట్టాలి, ఎప్పటికప్పుడు ఛార్జి పెట్టుకోవాలి.

రెండవది మా పసుపుపచ్చ డబ్బా. దీనికి వచ్చినది ఒక్కటే మాట: "రక్షించండి!" చందా లేదు, ఛార్జి లేదు. లోపలి బ్యాటరీ ఏళ్ళ తరబడి నిద్రపోతూ ఉంటుంది. మీట నొక్కిననాడు లేచి, కనీసం ఇరవైనాలుగు గంటలపాటు కేక పెడుతూనే ఉంటుంది. ఆ కేక బలం ఐదు వాట్లు. పడగ్గదిలో పెట్టుకునే చిన్న ఎల్‌ఇడి బల్బుకు కావలసినంత! ఆ కాస్త బలంతో అది 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి కూడా వినిపిస్తుంది.

"ఏడాదికి ఎన్నిసార్లు పోతావు?" అని ముసలాయన అడిగాడు.

"మూడు నాలుగుసార్లు."

"ఇంట్లో వస్తువులకు ఛార్జి పెట్టడం నీకు గుర్తుంటుందా?"

నా ఫోనుకు ఛార్జి పెట్టేది మా ఆవిడ. ఆ సంగతి ఒప్పుకున్నాను. "అయితే ఇదే తీసుకో," అన్నాడాయన. ఇప్పటికీ అది సరైన సలహా అనే అనుకుంటాను. నెలనెలా కొండలకు పోయేవాడికీ, ఒంటరిగా పోయేవాడికీ అయితే మెసేజిలు పంపేదే మేలు. మతిమరుపు మనుషులకు మాత్రం డబ్బానే మంచిది.

డబ్బాలన్నీ ఒక్కటి కావు. కొనేముందు చూసుకోవలసినవి ఆయనే చూపించాడు. బ్యాటరీ ఏ సంవత్సరం దాకా పనిచేస్తుందో పైన అచ్చు వేసి ఉంటుంది. ఏళ్ళతరబడి దుకాణంలో పడి ఉన్న సరుకు కొంటే ఆ మేరకు నష్టమే. చేతికి దళసరి తొడుగులున్నా, ఒక చెయ్యి పనిచెయ్యకపోయినా, రెండో చేత్తో మీట నొక్కడానికి వీలుండాలి. ఉన్నచోటు తానే లెక్కగట్టే జిపిఎస్ లోపల ఉండాలి. అన్నిటికన్న ముఖ్యం, ఆ దేశపు అంకె ఉండాలి. ప్రతి డబ్బాకూ లోకంలో మరి దేనికీ లేని సంఖ్య ఒకటి ఉంటుంది. అందులో కొంతభాగం దేశాన్ని తెలుపుతుంది. న్యూజిలాండుకు 512, మన భారతదేశానికి 419. ఏ దేశపు అంకె ఉంటే కబురు ఆ దేశానికి కూడా పోతుంది. డబ్బా కొనగానే ఆ సంఖ్యను మన పేరుతో నమోదు చేయించాలి. న్యూజిలాండులో అది తప్పనిసరి, డబ్బేమీ పుచ్చుకోరు.

చివరకు ముసలాయన, నడుముకు కట్టుకునే చిన్న తోలు ఒర ఒకటి తీసి డబ్బా పక్కన పెట్టాడు. దానికి వేరే ధర. 'ఇది అమ్ముకునే ఎత్తు!' అనుకుని నేను వద్దన్నాను. ఆ ఒర సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇంటికి వచ్చి నమోదు చేశాను. ఆపదలో ఎవరెవరికి ఫోను చెయ్యాలో రాయమన్నారు. మొదట మా ఆవిడ పేరు రాశాను. రెండవ పేరు ఎవరిది రాయాలి? పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నాకు ఆపద వస్తే చూసుకున్నది మా అన్నయ్య. అందుచేత గుంటూరులో ఉన్న మా అన్నయ్య పేరు రాశాను. ఇంకొక గడి ఖాళీగా ఉన్నదని పక్కింటి ముసలమ్మగారి పేరు రాశాను. అప్పుడు ఆవిడ ముఖం చూడడమే తప్ప నాకు పెద్ద పరిచయం కూడా లేదు.

ఇక ఈ డబ్బా కేక ఎవరు వింటారు? ఆ కథ చాలా బాగుంటుంది.

రైలు ప్లాట్‌ఫారం మీదికి కూతపెట్టుకుంటూ వచ్చేటప్పుడు కూత సన్నగా, హెచ్చుగా వినబడుతుంది. మనల్ని దాటి పోగానే అదే కూత బొంగురుపోతుంది. మీరు విన్నారు కదూ? 1957 అక్టోబరు 4న రష్యావాళ్ళు స్పుత్నిక్ అనే మొట్టమొదటి ఉపగ్రహాన్ని ఎగరవేశారు. అది బీప్, బీప్ అంటూ తిరుగుతూంటే, అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో ఇద్దరు పడుచు శాస్త్రజ్ఞులు రేడియోలో ఆ శబ్దం విన్నారు. ఆ బీప్ కూడా రైలుకూత లాగే మారుతున్నది. ఆ మార్పును కొలిచి, స్పుత్నిక్ ఏ దారిన పోతున్నదో కూర్చున్నచోటినుంచే లెక్క కట్టారు. దీన్ని తిరగవేస్తే? కిందినుంచి ఎవరైనా కేక పెడుతూంటే, పైన పోయే ఉపగ్రహం ఆ కేకలోని మార్పునుబట్టి కేక పెట్టేవాడెక్కడున్నాడో చెప్పగలదన్నమాట!

1972 అక్టోబరులో అలాస్కాలో ఒక చిన్న విమానం మాయమయింది. అందులో అమెరికా కాంగ్రెసు సభ్యులు ఇద్దరున్నారు. ముప్పైతొమ్మిది రోజులు వెతికారు. ఈనాటికీ దాని జాడ తెలియలేదు. తరవాత అమెరికాలో విమానాలకు కేకపెట్టే యంత్రాలు ఉండితీరాలన్నారు. 1979లో అమెరికా, కెనడా, ఫ్రాన్సు, సోవియట్ రష్యా కలిసి, ఆ కేకలు వినేందుకు ఉపగ్రహాలు ఏర్పాటు చేసుకుందామని ఒప్పందానికి వచ్చాయి. అమెరికా, రష్యాలు ఒకదానిమీద ఒకటి అణుబాంబులు గురిపెట్టుకుని కూర్చున్న రోజులవి! అయినా ఈ ఒక్క పని కలిసి చేశాయి. ఆ ఏర్పాటు పేరు కోస్పాస్-సార్సాట్. మొదటి ఉపగ్రహం రష్యావాళ్ళది. 1982 జూన్ 30న ఎగిరింది. ఆ సెప్టెంబరులోనే కెనడా కొండల్లో, తప్పిపోయిన మరో విమానాన్ని వెతకబోయి తామే కూలిపోయిన ముగ్గురు మనుషులను అది పట్టి ఇచ్చింది.

పాతరకం యంత్రాలకు తమ పేరు చెప్పుకోవడం రాదు, ఊరికే అరవడమే వచ్చు. పిజ్జాలు కాల్చే పొయ్యిల నుంచీ, ఆటస్థలాల్లో స్కోరు చూపే పలకల నుంచీ కూడా ఒక్కొక్కప్పుడు అటువంటి రేడియో కేకలే వచ్చేవి. పాపం, రక్షించేవాళ్ళు వాటి వెంటా పరిగెత్తేవారు. 2009 ఫిబ్రవరి 1 నుంచీ ఉపగ్రహాలు ఆ కేకలు వినడం మానేశాయి. ఇప్పటి డబ్బా 406 మెగాహెర్ట్జ్ మీద, సుమారు యాభై సెకన్లకొకసారి, తన సంఖ్యా తానున్న చోటూ చెబుతుంది. ఒట్టి రైలుకూత లెక్కతో అయితే ఐదు కిలోమీటర్ల మేర వెతకాలి. జిపిఎస్ ఉంటే వంద మీటర్లు వెతికితే చాలు.

ఇదంతా నేను పుస్తకంలో చదివి, మా అమ్మాయికి కూడా చెప్పాను. చెప్పి, "ఇది ఆటవస్తువు కాదు, నువ్వు ముట్టుకోకూడదు," అన్నాను.

2024 ఫిబ్రవరిలో నేనూ, అమ్మాయీ ఆర్థర్స్ పాస్ ప్రాంతంలో ఒక వాగు లోయకు పోయాం. అప్పుడు దానికి పన్నెండేళ్ళు. ఫిబ్రవరి అంటే అక్కడ ఎండాకాలం. ఒక రాత్రి గుడిసెలో గడిపి తిరిగి వస్తున్నాం. దారి వాగు ఒడ్డునే, గట్టుమీదుగా పోతున్నది. మధ్యాహ్నం రెండుగంటలప్పుడు దారికి అడ్డంగా పెద్ద చెట్టు పడి ఉన్నది. చుట్టుతిరిగి పోవడానికి వీలున్నదేమో చూద్దామని, నేను సంచీ దించి అమ్మాయి దగ్గర పెట్టి రెండడుగులు వేశాను. మూడో అడుగు కింద నేల లేదు.

గులకరాళ్ళతోబాటు జారుకుంటూ వాగు పక్కకు వచ్చి పడ్డాను. పది మీటర్లుంటుంది. ఎడమకాలి చీలమండ దగ్గర ఎముక విరిగిందని నాకు అప్పుడే తెలిసింది, ఎందుకంటే పాదం ఉండవలసిన వైపుకు లేదు. తల పైకెత్తి చూశాను. గట్టుమీద అమ్మాయి ముఖం కనిపించింది. నోరు కదులుతున్నది. వాగుహోరులో ఒక్క మాట వినబడదు. నా కేక కూడా దానికి చేరదు.

అది దిగిరాబోయింది. నాలుగు రాళ్ళు దొర్లుకుంటూ వచ్చి నా పక్కన పడ్డాయి. నేను రెండు చేతులూ అడ్డంగా ఊపాను. ఆగిపోయింది.

డబ్బా ఎక్కడున్నది? సంచీలో. సంచీ ఎక్కడున్నది? పైన. నా నడుముకు ఉండవలసిన ఆ తోలు ఒర క్రైస్ట్‌చర్చిలో దుకాణంలో ఉన్నది.

నేను రెండు చేతుల వేళ్ళతో సబ్బు బిళ్ళంత ఆకారం చూపించాను. అమ్మాయి తల ఊపి, సంచీలో వెతికి, ఫలహారం డబ్బా చూపించింది. కాదన్నాను. పిడికిలి బిగించి దానిమీద ఒక వేలు నిలబెట్టి యాంటెన్నా చూపించాను. నీళ్ళ సీసా విసిరింది. అది రాయికి తగిలి వాగులో పడి పోయింది. ఏమీ తోచక కళ్ళు మూసుకున్నాను. అప్పుడు మా అమ్మ జ్ఞాపకం వచ్చింది. రెండు చేతులూ జోడించి, తలమీద పెట్టుకుని, తిరుపతి కొండమీద మొక్కినట్టు మొక్కాను.

అమ్మాయి ఒక్క క్షణం తెల్లబోయి చూసింది. వెంటనే సంచీ బోర్లించింది.

డబ్బా అడుగున ఉన్నది. పడుకునే బొంతకిందా, తడిబట్టలకిందా, పులిహోర గిన్నెకిందా. అది చేతికి దొరికిన తరవాత కూడా, అమ్మాయి దాన్ని పైకెత్తి పట్టుకుని నావైపే చూస్తూ నిలబడింది. ముట్టుకోకూడదని చెప్పినవాణ్ణి నేనే కదా! నేను తల ఊపాను. ఇంకా గట్టిగా ఊపాను.

ఎలా వాడాలో దానికి తెలియదు. డబ్బా వెనక చిన్న బొమ్మలున్నాయి. వాటిని చూసి ముద్ర తెంచింది. చుట్టుకుని ఉన్న యాంటెన్నాను విప్పి నిలబెట్టింది. మీట నొక్కి పట్టుకుంది. తెల్లని దీపం మిణుకుమనడం నాకు కిందికి కనిపించింది. అప్పుడు రెండున్నర అయింది.

చినుకులు మొదలయ్యాయి. అమ్మాయి డబ్బా తడుస్తుందని దాన్ని చెట్టుకింద పెట్టింది. నేను అల్లాడిపోయాను. ఆ డబ్బాకు నీటిభయం లేదు. దానికి కావలసింది ఆకాశం. దట్టమైన కొమ్మలు అడ్డమైతే ఉపగ్రహం దానికి సరిగా కనిపించదు. ఇది చెప్పడానికి ఏ దేవుడికి మొక్కితే తెలుస్తుంది? కాని అమ్మాయి మళ్ళీ వెనక బొమ్మలు చూసినట్టుంది. పది నిమిషాల తరవాత తానే దాన్ని తెచ్చి గట్టు అంచున బోడిరాయిమీద యాంటెన్నా నిటారుగా ఉండేట్టు నిలబెట్టి, పక్కనే కూర్చున్నది.

ఇక మేము చెయ్యగలిగింది లేదు. పిల్లలూ, ఆ డబ్బాతో ఉన్న చిక్కు ఇదే. మనం పిలుస్తాం, పలికారో లేదో తెలియదు. 2020 నుంచీ యూరపువాళ్ళ గెలీలియో ఉపగ్రహాలు, "మీ కేక అందింది" అని కొత్తరకం డబ్బాలకు తిరుగుటపా పంపుతున్నాయి. డబ్బామీద వేరే దీపం వెలుగుతుంది. మాది ఆ రకం కాదు. ఇప్పుడు కొనేవాళ్ళు ఆ దీపం ఉన్నదే కొనడం మంచిది. ఆ రెండున్నర గంటలు నేను ఆ దీపానికి ఎంత ధర అయినా ఇచ్చేవాణ్ణి.

ఆ కొండల్లో కియా అని ఒక జాతి చిలక ఉన్నది. కోడిపుంజంత ఉంటుంది, పచ్చగా ఉంటుంది. మెరిసే వస్తువేది కనిపించినా ఎత్తుకుపోతుంది. మిణుకుమిణుకుమనే డబ్బాను చూసి అదొకటి వచ్చి రాయిమీద వాలింది. అమ్మాయి చేతికర్ర తీసుకుని దాన్ని తోలడం, అది ఎగిరి మళ్ళీ రావడం! గంటసేపు ఇదే పని. నాకు కాలినొప్పిలో కూడా నవ్వు వచ్చింది. ఆ చిలక లేకపోతే అమ్మాయి ఏడుస్తూ కూర్చునేదేమో!

మేమిలా ఉండగా మరోచోట ఏం జరిగిందో తరవాత తెలిసింది. ఉపగ్రహాలు కేక విన్నాయి. భూమిమీది కేంద్రం లెక్కకట్టింది. న్యూజిలాండు రక్షణ సమన్వయ కేంద్రంలో మా డబ్బా సంఖ్యా, నా పేరూ తెరమీదికి వచ్చాయి. అక్కడి ఉద్యోగి మా ఆవిడకు ఫోను చేశాడు. ఆవిడ పనిచేసేచోట ఫోన్లు బయట అరలో పెట్టాలి. ఎవరూ తీయలేదు. రెండవ పేరుకు చేశాడు. గుంటూరులో అప్పుడు ఉదయం ఏడుగంటలు దాటింది. మా అన్నయ్య కాఫీ తాగుతున్నాడు.

"మీ తమ్ముడు కొండలకు వెళ్ళాడా?" అని ఆ ఉద్యోగి అడిగాడు.

"మావాడా? కొండలకా? వాడు బ్యాంకులో లెక్కలు రాసుకుంటాడండీ. మీరు పొరబడ్డారు," అన్నాడు అన్నయ్య.

అన్నయ్యది తప్పు కాదు. పోతున్నానని నేను చెబితే గద! ఫోను పెట్టేసిన తరవాత ఆయన కాఫీ తాగలేదట. సాయంత్రం దాకా ఏమీ తినలేదట.

ఆ ఉద్యోగి మూడవ పేరుకు చేశాడు. పక్కింటి ముసలమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని, వంటింట్లో ఫ్రిజ్జికి అంటించి ఉన్న కాగితం చదివింది. మేము బయలుదేరేముందు, మా కుండీలకు నీళ్ళు పొయ్యమని తాళంచెవి ఇస్తూ, అమ్మాయి తానే రాసి ఇచ్చిన కాగితం అది. ఏ లోయ, ఏ గుడిసె, ఎంతమంది, ఎప్పుడు తిరిగివచ్చేది, నాన్న చొక్కా రంగు ఎరుపు — అన్నీ ఉన్నాయి. ఆ కాగితం వల్ల, కేక నిజమైనదేననీ, ఇద్దరున్నారనీ, అందులో ఒకరు చిన్నపిల్ల అనీ తేలింది.

ఐదింటికి హెలికాప్టరు వచ్చింది. డబ్బా ఉపగ్రహం కోసమే కాక, దగ్గరికి వచ్చినవాళ్ళు పసిగట్టేందుకు వేరే రేడియో కూత ఒకటి కూడా పెడుతూంటుంది. దాన్ని పట్టుకుని సరాసరి మా నెత్తిమీదికే వచ్చారు. తాడుమీద ఒకాయన దిగాడు. మొదట అమ్మాయి దగ్గరికి పోయి, రాయిమీద డబ్బా చూసి, "దీన్ని ఇక్కడ పెట్టింది ఎవరు?" అని అడిగాడు. అమ్మాయి తిడతాడేమోనని భయపడుతూ, "నేనే," అన్నది. "మంచి చోటు చూశావు. ఇక దీన్ని ఆపవచ్చు," అన్నాడాయన. రక్షించేవాళ్ళు వచ్చి ఆపమనేదాకా దాన్ని ఆపకూడదు. కాస్త బాగున్నది గదా అని ఆపి, నడిచి మరోచోటికి పోయినవాళ్ళను వెతకడం చాలా కష్టమట.

హెలికాప్టరు వచ్చినందుకు మా దగ్గర డబ్బేమీ పుచ్చుకోలేదు. అక్కడ పుచ్చుకోరు. అందుకనే దాన్ని ఊరికే పిలవకూడదన్న మా అమ్మ మాట మరీ నిజం. కాలు నొప్పి పుట్టిందనీ, ఆకలేస్తున్నదనీ నొక్కకూడదు. ప్రాణానికి ముప్పున్నప్పుడూ, పెద్ద దెబ్బ తగిలి కదలలేనప్పుడూ నొక్కాలి. అప్పుడు మాత్రం మొహమాటపడకూడదు. పొరబాటున నొక్కితే దాచిపెట్టక వెంటనే కేంద్రానికి ఫోను చేసి చెప్పాలి. ఎవరూ కోప్పడరు. పాతబడిన డబ్బాలను చెత్తలో పారేస్తే, అవి చెత్తగుట్టల్లో నొక్కుకుపోయి కేకపెట్టిన సందర్భాలున్నాయి! మనుషులు పోయి అరటితొక్కలమధ్య వెతకవలసివచ్చింది.

మన దేశం సంగతి అడుగుతారేమో. కోస్పాస్-సార్సాట్‌లో భారతదేశం కూడా ఉన్నది. ఇస్రో బెంగుళూరులో కేంద్రం నడుపుతున్నది. కేకలు వినే భూకేంద్రాలు బెంగుళూరులోనూ, లక్నోలోనూ ఉన్నాయి. నేపాలు, భూటాను, శ్రీలంక వంటి ఇరుగుపొరుగు దేశాల కేకలు కూడా మనవాళ్ళే చూస్తారు. సముద్రంమీదికి పోయే జాలరులకోసం ఇస్రో వేరే పరికరం చేసింది. అది 2010 నుంచీ వాడుకలో ఉన్నది. 2024లో వచ్చిన కొత్తరకం, "మీ కేక అందింది" అని జాలరికి తిరిగి చెబుతుంది కూడా. అయితే ఒక జాగ్రత్త. మన దేశంలో ఉపగ్రహ ఫోన్లూ, మెసేజిలు పంపే పరికరాలూ ప్రభుత్వ అనుమతి లేకుండా తేవడమూ, వాడడమూ నేరం. హిమాలయాలకు నడకకు వచ్చిన విదేశీయులు కొందరు తెలియక తెచ్చి, విమానాశ్రయాల్లో పట్టుబడ్డారు. మీ బంధువులెవరైనా పైదేశాలనుంచి అటువంటివి తెస్తానంటే ముందుగా ఈ మాట చెప్పండి. మేము గుంటూరు వచ్చేటప్పుడు మా డబ్బా మేకుకే ఉంటుంది.

నా కాలు బాగవడానికి నాలుగునెలలు పట్టింది. మీట నొక్కిన డబ్బాను మళ్ళీ వాడాలంటే బ్యాటరీ మార్పించాలి. దానికి దుకాణానికి పోయినప్పుడు, ముసలాయన ఏమీ అనకుండానే తోలు ఒర తీసి బల్లమీద పెట్టాడు. ఈసారి ధర అడగలేదు.

ఇప్పుడు కొండకు పోతే డబ్బా నా నడుముకు ఉంటుంది. నేను నది దాటినా, చెట్టెక్కినా, కింద పడినా అదీ నాతో వస్తుంది. గుడిసెలో పడుకున్నప్పుడు తలకింద ఉంటుంది. దాని పరీక్ష అమ్మాయి పని. నెలకొకసారి పరీక్షమీట నొక్కి, దీపం మెరిసిందా లేదా చూసి, క్యాలెండరుమీద టిక్కు పెడుతుంది. ఊరికే పరీక్షిస్తూ కూర్చుంటే బ్యాటరీ ఖర్చవుతుందని నెలకు రెండోసారి నన్ను కూడా నొక్కనివ్వదు. మాతో ఎవరు కొత్తగా వచ్చినా, కారు దిగగానే వాళ్ళను నిలబెట్టి, ముద్ర ఎలా తెంచాలో, యాంటెన్నా ఎలా విప్పాలో, డబ్బా ఎక్కడ పెట్టాలో పాఠం చెబుతుంది. పోయినసారి మా ఆవిడ ఆఫీసరుగారు కూడా చేతులు కట్టుకుని విన్నాడు.

నమోదులో పేర్లు కూడా మార్చాను. ఇప్పుడు మొదటి పేరు పక్కింటి ముసలమ్మగారిది, రెండవది మా ఆవిడది. అన్నయ్య పేరు తీసేద్దామనుకున్నాను. ఆ మాట ఫోనులో అంటే ఆయనకు కోపం వచ్చింది. "నన్నెందుకు తీసేస్తావురా? ఈసారి నువ్వు ఎక్కడికి పోతున్నదీ నాకూ రాసి పంపు, నేను చెప్పలేనా?" అన్నాడు. సరేనని ఉంచాను. ఆయన న్యూజిలాండు మ్యాపు ఒకటి తెప్పించి దేవుడి పటాల పక్కన గోడకు తగిలించాడు. మేము బయలుదేరినప్పుడల్లా దానిమీద గుండుసూది గుచ్చుతాడట. తిరిగివచ్చి ఫోను చేస్తేగాని దాన్ని పీకడు. మొన్న ఒకసారి నేను ఇంటికి చేరి ఫోను చెయ్యడం మరిచిపోయాను. తెల్లవారుజామున మూడింటికి పక్కింటి ముసలమ్మగారు మా తలుపు కొట్టి, "గుంటూరునుంచి మీ అన్నగారు ఫోనులో ఉన్నారు. సూది పీకవచ్చా అని అడుగుతున్నారు," అన్నది.